డేటా సెంటర్‌ను స్వచ్ఛ విద్యుత్‌తో నడపాలంటే: ఏడాది లెక్క కాదు, గంట లెక్క పట్టండి

రాత్రి రెండు గంటలకు మీ సర్వర్లు ఏ కరెంటు మీద నడుస్తున్నాయి? దీనికి జవాబు చెప్పలేని డేటా సెంటర్ ‘మాది నూరు శాతం పునరుత్పాదక విద్యుత్’ అని బోర్డు పెట్టుకుంటే అది కాకిలెక్కే. పగలు ఎండ ఉన్నప్పుడు అవసరానికి మూడు నాలుగు రెట్లు సౌర విద్యుత్ కొంటారు, రాత్రంతా బొగ్గు కరెంటు వాడతారు, ఏడాది చివర రెండు మొత్తాలూ సరిపోయాయని చూపిస్తారు. ప్రస్తుత లెక్కల నియమాల ప్రకారం అందులో తప్పు లేదు. చిమ్నీలోంచి పొగ మాత్రం వస్తూనే ఉంటుంది.

అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి దాదాపు 415 టెరావాట్ అవర్ల కరెంటు వాడాయి (ఒక టెరావాట్ అవర్ అంటే వంద కోట్ల యూనిట్లు). మొత్తం ప్రపంచ వాడకంలో అది సుమారు 1.5 శాతం. 2030 నాటికి ఈ అంకె 945 దాకా పోవచ్చని ఆ సంస్థే చెబుతోంది. గూగుల్ 2017 నుంచి ఏటా తాను వాడినంత పునరుత్పాదక విద్యుత్‌ను కొంటూనే ఉంది. అయినా గంట గంటకూ సరిచూస్తే 2023లో దానికి దక్కిన స్వచ్ఛ విద్యుత్ సగటున 64 శాతం. ఈ మాట ఆ సంస్థ తన నివేదికలో తానే రాసుకుంది. నూటికీ అరవై నాలుగుకూ మధ్య ఉన్న తేడాను తగ్గించడం ఎలాగన్నదే ఇక్కడ చెప్పేది.

ఉదాహరణకు అన్నిచోట్లా ఒకే సైజు తీసుకుందాం: 10 మెగావాట్ల ఐటీ లోడు (సర్వర్లు వగైరా తీసుకునే కరెంటు), పీయూఈ 1.4. పీయూఈ అంటే భవనంలోకి వచ్చిన మొత్తం కరెంటును సర్వర్లకు చేరిన కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె. అంటే మన భవనానికి సగటున 14 మెగావాట్లు, ఏడాదికి 1,22,640 మెగావాట్ అవర్లు కావాలి. మీది ఇంతకంటే చిన్నదో పెద్దదో అయితే అదే నిష్పత్తిలో మార్చుకోండి.

1. ముందు మీటర్లు

కరెంటు కొనేవాళ్ళతో మాట్లాడకముందే ఈ పని పూర్తి కావాలి. నెలకోసారి వచ్చే బిల్లుతో గంట లెక్క తేలదు. కనీసం 15 నిమిషాలకు ఒక రీడింగ్ చొప్పున ఈ చోట్లన్నిటా రావాలి: గ్రిడ్ నుంచి భవనంలోకి వచ్చే ప్రతి ప్రధాన లైను (ఇన్‌కమర్), ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత మెయిన్ ప్యానెల్, ప్రతి యూపీఎస్ ఇన్‌పుట్, ఔట్‌పుట్, నీటిని చల్లబరిచే చిల్లర్ ప్లాంట్, పంపులు, గాలి తోసే యూనిట్లు, డీజిల్ జనరేటర్ ఔట్‌పుట్. జనరేటర్ ఇంధన పైపుకు ఒక ఫ్లో మీటర్ కూడా పెట్టండి. ట్యాంకులో కర్ర ముంచి చూసే కొలత ఆడిట్‌లో నిలవదు.

మీటర్లు బిగించగానే పని అయిపోయిందనుకోకండి. అసలు తప్పులు ఆ తర్వాతే బయటపడతాయి. వాటిలో ఎక్కువగా కనబడేది సీటీ నిష్పత్తి. సీటీ అంటే పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంత చిన్నది చేసే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. ప్యానెల్‌లో 800/5 సీటీ (800 ఆంపియర్లను 5గా చూపేది) ఉంటుంది, మీటరులో మాత్రం 400/5 అని నమోదై ఉంటుంది. దాంతో ఆ ఫీడర్ (ప్యానెల్ నుంచి బయలుదేరే లైను) నెలల తరబడి సగమే చూపిస్తుంది. ఒక ఫేజ్ సీటీ తిరగబడి ఉంటే ఆ ఫేజ్ మిగతా రెండింటిలోంచి తీసివేత అవుతుంది, అప్పుడు మొత్తం మూడో వంతు దగ్గరే ఆగుతుంది. మూడోది గడియారం. మీటర్లు స్థానిక సమయంలో, సౌర ప్లాంట్ డేటా అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే ఎండ తెల్లవారుజామునే కాసినట్టు లెక్క వస్తుంది. అన్నింటినీ ఒకే టైమ్ సర్వర్‌కు కట్టి, ఒకే సమయంలో నిల్వ చేయండి. డేటా అందని గంటల్లో సున్నా రాసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అలాంటి గంటను ఖాళీగా ఉంచి వేరుగా గుర్తు పెట్టండి, సున్నా రాయకండి.

వీటన్నిటికీ ఒకటే పరీక్ష. ఇన్‌కమర్ రీడింగ్‌ను, దాని కింద ఉన్న ఫీడర్ల మొత్తాన్ని వారం పాటు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా రెండు మూడు శాతం దాటితే ఎక్కడో సీటీ తప్పింది. అది దొరికేదాకా తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

2. వాడకం తగ్గించండి, కానీ పీయూఈకి మోసపోకండి

చిల్లుకుండలో ఎంత స్వచ్ఛమైన నీళ్ళు పోసినా నిలవవు. పీయూఈ 1.6 నుంచి 1.4కు దిగితే మన ఉదాహరణలో 2 మెగావాట్లు మిగులుతాయి, అంటే ఏడాదికి 17,520 మెగావాట్ అవర్లు. ఆ మేరకు ప్లాంటు కట్టక్కర్లేదు, బ్యాటరీ కొనక్కర్లేదు.

వరుస ముఖ్యం. ముందు ర్యాకుల్లో ఖాళీ యూనిట్లన్నిటికీ గాలి దూరకుండా మూసే బ్లాంకింగ్ ప్యానెళ్ళు బిగించండి. నేలలో కేబుళ్ళ కోసం కోసిన రంధ్రాలకు కుచ్చు అంచున్న మూతలు (బ్రష్ గ్రామెట్లు) పెట్టండి. ఆ తర్వాత చల్లని వరుసను తలుపులతో, పైకప్పుతో మూసేయండి. ఇవన్నీ అయ్యాకే ఉష్ణోగ్రత పెంచాలి. సర్వర్ ముందు గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండవచ్చని అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే సిఫారసు. అయినా 20 దగ్గరే బిగించి కూర్చున్న హాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. వారానికి ఒక డిగ్రీ చొప్పున పెంచండి. చూడాల్సింది గది గోడ మీది థర్మామీటరును కాదు, ర్యాక్ ముందు పై భాగంలో ఉన్న సెన్సర్‌ను. వేడి గాలి వెనక్కి తిరిగి వచ్చేది అక్కడికే.

ఇక్కడొక గుంట ఉంది. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటాక సర్వర్ల లోపలి ఫ్యాన్లు వేగం పెంచుకుంటాయి. ఆ ఫ్యాన్ల కరెంటు ఐటీ లోడు ఖాతాలో పడుతుంది. చిల్లర్ తగ్గింది, ఐటీ పెరిగింది కాబట్టి పీయూఈ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఇన్‌కమర్ మీటరు మాత్రం పైకి పోతూ ఉంటుంది. దీనికి తిరగబడ్డ సందర్భమూ ఉంది: పని లేకుండా వెలుగుతున్న వంద సర్వర్లను ఆపేస్తే మొత్తం వాడకం తగ్గుతుంది, పీయూఈ మాత్రం చెడుతుంది. పనేమీ చేయని సర్వర్ కూడా నిండు లోడులో మూడో వంతు నుంచి సగం దాకా తింటుంది కాబట్టి ఆపడమే సరైన పని. అందుకే ప్రతి మార్పునూ కిలోవాట్ అవర్లలో కొలవండి. పీయూఈ పక్కన ఉండనివ్వండి.

చల్లబరిచే యూనిట్ల ఫ్యాన్లలో సులువైన లాభం ఉంది. వేగం 80 శాతానికి తగ్గిస్తే ఫ్యాన్ తీసుకునే కరెంటు 51 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే అది వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. అందువల్ల నాలుగు యూనిట్లు నిండుగా తిరిగి ఒకటి ఖాళీగా ఉండడం కంటే అయిదూ నెమ్మదిగా తిరగడం మేలు. యూపీఎస్‌ల విషయం దీనికి వ్యతిరేకం. రెండు వైపులా పూర్తి జోడు ఉన్న ఏర్పాటులో ఒక్కో యూపీఎస్ మీద చాలాసార్లు 20 శాతం లోడే ఉంటుంది. అంత తక్కువలో సామర్థ్యం పడిపోతుంది, కాబట్టి మాడ్యూళ్ళలో కొన్నింటిని నిద్రపుచ్చే సదుపాయం ఉంటే వాడండి.

ఏఐ ర్యాకుల సంగతి వేరు. ఒక్క ర్యాకే 100 కిలోవాట్లు దాటుతోంది. దాన్ని గాలితో చల్లబరచడం కుదరని పని, చిప్ మీదికే నీళ్ళు తీసుకెళ్ళాలి. ఇందులో మనకు మేలూ ఉంది. ఆ నీళ్ళు 30 డిగ్రీలు దాటి ఉన్నా చాలాచోట్ల సరిపోతాయి. బయటి గాలితోనే అంత చల్లదనం వస్తే ఏడాదిలో ఎక్కువ గంటలు చిల్లర్ నడపనక్కర్లేదు. నీటి లెక్క మాత్రం వేరే రాసుకోండి. నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతిలో ఒక కిలోవాట్ అవర్ వేడిని వదిలించడానికి లీటరున్నర నీరు పోతుంది. 10 మెగావాట్ల వేడి మొత్తం అలాగే పోవాలంటే గంటకు 15,000 లీటర్లు. కరెంటు ఆదా అయిందని నీటి ఎద్దడి ఉన్నచోట ఈ పద్ధతి పెట్టకండి.

3. 8,760 వరుసల పట్టిక వేయండి

అసలు పని ఇది. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ఏడాదికి 8,760 గంటలు, గంటకు ఒక వరుస. మొదటి నిలువులో సమయం, రెండోదాంట్లో మీ వాడకం, మూడోదాంట్లో సౌర ఉత్పత్తి, నాలుగోదాంట్లో పవన ఉత్పత్తి. అయిదోదాంట్లో వాడకం, మొత్తం ఉత్పత్తి రెండింటిలో ఏది తక్కువైతే అది. ఈ అయిదో నిలువు మొత్తాన్ని రెండో నిలువు మొత్తంతో భాగిస్తే మీ గంట స్కోరు వస్తుంది. ఆరులో లోటు, ఏడులో మిగులు, ఎనిమిదిలో ఆ గంటలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు వెలువడే ఉద్గారాల అంకె పెట్టుకోండి.

ఇప్పుడు సౌర విద్యుత్ ఒక్కటే పెట్టి చూడండి. ప్లాంటు సగటున తన పూర్తి సామర్థ్యంలో 22 శాతమే ఇస్తుందనుకుంటే ఒక మెగావాట్ ఏడాదికి 1,927 మెగావాట్ అవర్లు ఇస్తుంది. మన 1,22,640 నిండాలంటే 64 మెగావాట్ల ప్లాంటు కావాలి. ఏడాది లెక్కలో స్కోరు నూటికి నూరు. పట్టికలో మధ్యాహ్నం పన్నెండు గంటల వరుస చూడండి: ఉత్పత్తి 50, వాడకం 14, మిగులు 36. రాత్రి తొమ్మిది గంటల వరుస చూడండి: ఉత్పత్తి సున్నా, వాడకం 14, లోటు 14. ఎండ గట్టిగా ఉండేది రోజుకు తొమ్మిది గంటలే కాబట్టి గంట స్కోరు 40 శాతం దగ్గర ఆగిపోతుంది. ప్లాంటును రెట్టింపు చేసినా రాత్రి రాత్రే, స్కోరు పెద్దగా కదలదు.

అదే డబ్బును చీల్చి 30 మెగావాట్ల సౌర, 25 మెగావాట్ల పవన ప్లాంట్లు పెట్టి చూడండి. గాలి ప్లాంటు 33 శాతంతో నడిస్తే రెండూ కలిసి ఏడాదికి దాదాపు 1,30,000 మెగావాట్ అవర్లు ఇస్తాయి. మొత్తం సుమారు పాతదే అయినా స్కోరు పైకి లేస్తుంది, ఎందుకంటే చాలాచోట్ల గాలి సాయంత్రం, రాత్రి వేళల్లో కూడా వీస్తుంది. ఎంత పెరుగుతుందన్నది పూర్తిగా చోటును బట్టి ఉంటుంది. అందుకే పట్టిక వేయమనేది.

పట్టికలో జరిగే పొరపాట్లు మూడు. సౌర డేటా ఒక ఏడాదిది, గాలి డేటా ఇంకో ఏడాదిది తెచ్చి కలపడం మొదటిది. మబ్బు పట్టిన వారం, గాలి లేని వారం ఒకేసారి వస్తాయో లేదో తెలియాలంటే రెండూ ఒకే ఏడాదివి కావాలి. రెండోది ‘సగటు వాతావరణ ఏడాది’ వాడటం. సగటులో చెడ్డ వారం కనబడకుండా పోతుంది. కనీసం అయిదేళ్ళ అసలు డేటా పెట్టండి. యూరప్ వాతావరణ కేంద్రం వారి ఈఆర్ఏ5 ప్రపంచమంతటికీ గంట గంటా ఉచితంగా దొరుకుతుంది. సౌర అంచనాకు యూరోపియన్ కమిషన్ వారి పీవీజీఐఎస్ కూడా పనికొస్తుంది. మూడోది ప్లాంటు గేటు దగ్గరి యూనిట్లనే మీ గేటు దగ్గరి యూనిట్లుగా లెక్కేయడం. దారిలో లైన్ల నష్టం ఉంటుంది, తీసేయండి.

4. కరెంటు కొనడం

పైకప్పు మీద సోలార్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేద్దాం. నేల మీద ఒక మెగావాట్ సోలార్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. డేటా సెంటర్ పైకప్పంతా చిల్లర్లే ఉంటాయి. మిగిలిన జాగాలో పెట్టే పలకలతో వాడకంలో ఒకటి రెండు శాతం తీరితే గొప్ప. పెట్టుకోండి, మంచిదే. కానీ మీ బృందం ఆరు నెలల సమయం దానికే పోతే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

కరెంటు లేకుండా విడిగా అమ్మే పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్లు ఇంకా దండగ. ఎప్పుడో పెట్టుబడి తిరిగొచ్చేసిన పాత ప్లాంటు, మీ గ్రిడ్‌తో సంబంధం లేని చోట, ఏదో ఒక నెలలో చేసిన కరెంటు తాలూకు కాగితం కొంటే మీ గ్రిడ్‌లో బొగ్గు ఒక్క కిలో కూడా తగ్గదు. ఆ డబ్బుతో కొత్త ప్లాంటు కట్టించే దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందానికి వెళ్ళండి. సాధారణంగా ఇవి 10 నుంచి 15 ఏళ్ళవి. సంతకానికి ముందు కింది విషయాలు కాగితం మీద ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకోండి.

ప్లాంటు మీ డేటా సెంటర్ ఉన్న గ్రిడ్‌లోనే ఉండాలి, మీ ఒప్పందం వల్లే కొత్తగా కట్టేదై ఉండాలి. సర్టిఫికెట్లన్నీ మీ పేరు మీదికి వచ్చి అక్కడే రద్దు కావాలి. లేకపోతే అదే యూనిట్‌ను ఇంకొకరూ తమదేనని చెప్పుకుంటారు. ప్లాంటు గంటవారీ ఉత్పత్తి డేటా మీకు నేరుగా అందే హక్కు రాసుకోండి. చాలా ఒప్పందాల్లో నెలవారీ ఇన్‌వాయిస్ తప్ప ఇంకేమీ ఉండదు, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. గ్రిడ్ నిండిపోయి ప్లాంటును ఆపమన్నప్పుడు ఆ నష్టం ఎవరిది, మార్కెట్ ధర సున్నా కంటే కిందికి పోయినప్పుడు మీరు డబ్బు కడుతూనే ఉండాలా అన్నది కూడా తేల్చుకోండి. మొదలుపెట్టాల్సిన తేదీ జరిగిపోతే పరిహారం ఎంతో అంకెతో సహా ఉండాలి.

ఉత్పత్తి అంచనాలో పీ50, పీ90 అని రెండు అంకెలు ఇస్తారు. పీ50 అంటే అంతకు మించి రావడానికి సగం అవకాశం, పీ90 అంటే తొంభై శాతం అవకాశం. అమ్మేవాళ్ళు పీ50 చూపించి మాట్లాడతారు. మీరు పట్టికలో పీ90 పెట్టండి.

ధర ఒప్పందం కూడా రెండు రకాలు. ‘వచ్చినంత తీసుకో’ రకం చవక, కానీ మధ్యాహ్నపు మిగులూ రాత్రి లోటూ మీ నెత్తిన పడతాయి. ‘రోజంతా ఇంత ఇస్తాం’ రకం ఖరీదు. ఇక్కడ ఒక ప్రశ్న తప్పక అడగాలి: గాలి లేని గంటలో ఆ లోటు దేనితో పూడుస్తారు? ‘మార్కెట్‌లో కొని ఇస్తాం’ అంటే అది గ్రిడ్ కరెంటే. మీరు ఎక్కువ డబ్బిచ్చి కొన్నది ధర హామీని, స్వచ్ఛతను కాదు.

రాత్రీ పగలూ ఆగకుండా వచ్చే స్వచ్ఛ విద్యుత్ కావాలంటే జల, భూతాప, అణు విద్యుత్ మిగులుతాయి. దొరికితే కొద్దిపాటి తీసుకున్నా పట్టికలో స్కోరు బాగా లేస్తుంది. అమెరికాలోని నెవాడాలో ఫెర్వో సంస్థ కొత్త తరహా భూతాప ప్లాంటు 2023లో 3.5 మెగావాట్లతో గూగుల్ కోసం మొదలైంది. 2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ అమెరికాలోనే మూతపడిన త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రం ఒకటో యూనిట్ నుంచి 835 మెగావాట్ల అణు విద్యుత్‌ను 20 ఏళ్ళకు కొనేందుకు దాని యజమాని కాన్‌స్టలేషన్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. చిన్న అణు రియాక్టర్ల మీద మాత్రం రాబోయే అయిదేళ్ళ ప్రణాళిక కట్టకండి. వస్తే అదనం అనుకోండి.

ఇంకో హెచ్చరిక. గ్రిడ్ కనెక్షన్ ఆలస్యమవుతోందని ఆవరణలోనే గ్యాస్ టర్బైన్లు పెట్టుకోవడం ఇప్పుడు పెరుగుతోంది. ‘రెండేళ్ళకే, తాత్కాలికం’ అంటారు. ఇరవై అయిదేళ్ళు నడిచే యంత్రాన్ని రెండేళ్ళకు ఎవరూ పీకేయరు. తప్పనిసరై పెడితే ఆపేసే తేదీని అనుమతి పత్రంలోనే రాయించండి.

5. బ్యాటరీ సైజు కట్టడం

బ్యాటరీకి రెండు అంకెలుంటాయి: ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదు, మొత్తం ఎంత నిల్వ చేయగలదు. రెండూ వేరువేరుగా అడగండి. మనకు సాయంత్రం నాలుగు గంటలు పూర్తిగా బ్యాటరీ మీద నడవాలనుకుందాం. 14 మెగావాట్లు, నాలుగు గంటలు, 56 మెగావాట్ అవర్లు. 56 కొంటే సరిపోతుందా? సరిపోదు.

బయటికి వచ్చేటప్పుడు ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పోతుంది. 94 శాతం చేరుతుందనుకుంటే లోపల 59.6 ఉండాలి. బ్యాటరీని అడుగంటా వాడరు, 90 శాతమే వాడితే 66.2. పదేళ్ళకు నిల్వ శక్తి 80 శాతానికి తగ్గుతుంది, అప్పటికీ నాలుగు గంటలు రావాలంటే 82.7. అంటే మొదటి రోజు 83 మెగావాట్ అవర్లు కొనాలి. లేదా 66తో మొదలుపెట్టి అయిదారేళ్ళకు కొత్త కంటెయినర్లు చేర్చేలా ముందే పునాదులు, కేబుల్ ట్రెంచి, స్విచ్‌గేర్‌లో ఖాళీ ఫీడర్లు వదలాలి. ధరలు తగ్గే వస్తువు కాబట్టి రెండోదే తెలివైన పని. మరోపక్క, ఆ 56 బయటికి రావాలంటే పగలు 63 దాకా లోపలికి పోయాలి. ఆ తేడాను పట్టికలో వాడకంగా చూపండి. బ్యాటరీ కంటెయినర్ల సొంత ఏసీలకయ్యే కరెంటునూ మరిచిపోకండి.

బ్యాటరీ పెట్టాక ఉద్గారాలు పెరిగిన సందర్భాలు కూడా ఉంటాయి. కారణం నియంత్రణ సాఫ్ట్‌వేర్. దానికి ‘చవకగా ఉన్నప్పుడు నింపు, ఖరీదుగా ఉన్నప్పుడు వదులు’ అని మాత్రమే నేర్పుతారు. అర్ధరాత్రి గ్రిడ్ కరెంటు చవక, కానీ బొగ్గుది. బ్యాటరీ దాన్ని నింపుకుని, పది శాతం పైగా నష్టపోయి, పగలు వదులుతుంది. అందుకే నియమం ఇలా రాయించండి: ఆ క్షణంలో మా స్వచ్ఛ ఉత్పత్తి మా వాడకం కంటే ఎక్కువగా ఉంటేనే నింపాలి. ఇదే బ్యాటరీని కరెంటు పోయినప్పుడు కూడా వాడుకోవాలనుకుంటే, కనీసం అరగంటకు సరిపడా భాగానికి తాళం వేయండి. మన లోడుకు అది 7 మెగావాట్ అవర్లు. దాన్ని రోజువారీ లెక్కలో ముట్టుకోకూడదు.

భద్రత దగ్గర బేరమాడకండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి కాస్త నిలకడగా ఉంటుంది, అయినా అది కూడా మండే వాయువులు వదలగలదు. బ్యాటరీలో మంట ఎలా వ్యాపిస్తుందో చూసే యూఎల్ 9540ఏ పరీక్ష నివేదిక అడిగి తీసుకోండి, కంటెయినర్ల మధ్య దూరం దాని ప్రకారమే ఉంచండి. వాటిని సర్వర్ హాలు గాలి పీల్చుకునే వైపు పెట్టొద్దు.

6. పనిని ఎండ వైపు జరపండి

కరెంటును పని దగ్గరికి తెచ్చేకంటే పనిని కరెంటు దగ్గరికి తీసుకెళ్ళడం కొన్నిసార్లు చవక. వెతుకులాట, చెల్లింపులు, వీడియో కాల్స్ ఆగలేవు. బ్యాకప్‌లు, వీడియోల రూపం మార్చడం, లాగ్‌ల విశ్లేషణ, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టగల మోడల్ శిక్షణ ఆగగలవు. గూగుల్ 2020లోనే ఒకే సెంటర్‌లో ఇలాంటి పనులను రోజులోని శుభ్రమైన గంటలకు జరపడం మొదలుపెట్టింది.

చేసే పద్ధతి ఇది. ప్రతి పనికీ ‘ఎప్పటిలోగా పూర్తి కావాలి’ అన్న ట్యాగ్ తప్పనిసరి చేయండి. ట్యాగ్ లేని పనిని జరపడానికి ఏ షెడ్యూలరూ సాహసించదు. రోజూ సాయంత్రం మర్నాటి ఎండ, గాలి అంచనా తెచ్చుకుని, గంట గంటకూ జరపదగ్గ పనులకు ఎంత సామర్థ్యం ఇవ్వాలో ఒక పరిమితి రాయండి. మొదటి మూడు నెలలు మొత్తం లోడులో 5 శాతంతోనే ఆడండి.

తప్పేది ఎక్కడంటే, పనులన్నీ ఉదయం పది కొట్టగానే ఒకేసారి లేస్తాయి. గరిష్ఠ డిమాండ్ ఛార్జీ (అత్యధికంగా లాగిన లోడును బట్టి వేసేది) పెరుగుతుంది, మధ్యాహ్నపు వేడికి చిల్లర్లు ఊపిరాడక కొట్టుకుంటాయి. అరగంట వ్యవధుల్లో చెదరగొట్టి మొదలుపెట్టించండి. పెద్ద శిక్షణ పనుల్లో వేల చిప్‌లు ఒక్కటిగా ఆగి ఒక్కటిగా లేస్తాయి. లోడు క్షణాల్లో మెగావాట్ల కొద్దీ ఊగుతుంది. 15 నిమిషాల మీటరుకు ఇది కనబడదు. జనరేటర్, బ్యాటరీ ఇన్వర్టర్లకు కనబడుతుంది. కాబట్టి వాటి పరీక్షను ఆ ఊపుతోనే చేయాలి.

7. డీజిల్, వాయువులు

డీజిల్ లీటరు మండితే 2.7 కిలోల దగ్గర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. జనరేటర్లు ఏడాదిలో కొన్ని గంటలే నడుస్తాయి కాబట్టి మొత్తంలో వీటి వాటా చిన్నది. చాలామంది ముందు దీని మీదే పడతారు, ఎందుకంటే కళ్ళకు కనబడే పొగ ఇదే. వరుసలో ఇది ఏడోది, ఏడోగానే చేయండి.

నెలవారీ పరీక్షను ఖాళీ లోడు మీద చేయకండి. 30 శాతం కంటే తక్కువ లోడులో ఇంజన్ సరిగా వేడెక్కదు, కాలని ఇంధనం పొగగొట్టంలో జిడ్డుగా పేరుకుంటుంది. హైడ్రోట్రీటెడ్ కూరగాయ నూనె చాలా ఇంజన్లలో డీజిల్‌కు బదులు నేరుగా పోయవచ్చు. మామూలు బయోడీజిల్‌లా అది నీటిని పీల్చుకుని ట్యాంకులో పాచి పట్టదు. పోసేముందు ఇంజన్ తయారీదారు నుంచి ఈఎన్ 15940 (ఈ రకం ఇంధనాల యూరప్ ప్రమాణం) ఇంధనానికి అంగీకార పత్రం తీసుకోండి. ట్యాంకు అడుగున చేరిన నీరు, మడ్డి తీయించండి. పాత రబ్బరు సీళ్ళను చూడండి, ఇంధనం మారాక కారేది అక్కడే. ఇంధనం దేనినుంచి తీశారో రుజువు అడగండి. వాడేసిన వంట నూనె నుంచి వస్తే సరి, అడవి నరికి వేసిన పామాయిల్ నుంచి వస్తే డీజిలే నయం.

చిల్లర్లలోని వాయువు కారడాన్నీ రాసుకోండి. ఆర్-410ఏ ఒక కిలో కారితే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏడాదికి ఎన్ని కిలోలు నింపారో సర్వీసు వాళ్ళ బిల్లులో ఉంటుంది.

8. ఏం చెప్పుకోవచ్చు

సంస్థలు ఉద్గారాల లెక్కకు వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2015 మార్గదర్శకం ప్రకారం కొన్న కరెంటు ఉద్గారాలకు రెండు అంకెలు ఇవ్వాలి. ఒకటి మీ గ్రిడ్ సగటును బట్టి, రెండోది మీ ఒప్పందాలను, సర్టిఫికెట్లను బట్టి. రెండోదాన్ని పెద్ద అక్షరాల్లో వేసి మొదటిదాన్ని చివరి పేజీ అడుగున దాచే అలవాటు మానండి. రెండూ పక్కపక్కన, వాటి పక్కన గంట స్కోరు. ‘మా వాడకంలో 78 శాతం గంటలవారీగా స్వచ్ఛ విద్యుత్‌తో సరిపోయింది’ అనే వాక్యానికి ఆడిటర్ దగ్గర పట్టిక ఉంటుంది. ‘సున్నా కార్బన్ డేటా సెంటర్’ అనే మాటకు ఉండదు. భవనంలోని కాంక్రీటు, ఉక్కు, నాలుగైదేళ్ళకోసారి మారే సర్వర్ల తయారీ ఉద్గారాలు ఈ లెక్కలోకి ఇంకా రాలేదు. వాటికి వేరే పద్దు తెరవండి.

లక్ష్యాన్ని మొదట 80 శాతం దగ్గర పెట్టుకోండి. అక్కడి దాకా గాలి, ఎండ, నాలుగు గంటల బ్యాటరీ చాలాచోట్ల తీసుకెళ్తాయి. ఆ తర్వాత ప్రతి శాతానికీ ఖర్చు నిట్టనిలువుగా పెరుగుతుంది.

మూడు నెలలకోసారి పట్టిక తెరిచి లోటు నిలువును పెద్దదాని నుంచి చిన్నదానికి సర్దండి. పై వంద వరుసలు మాత్రమే తీసుకుని, ప్రతి వరుస పక్కనా ఒక మాట రాయండి: గాలి లేదు, ప్లాంటు మరమ్మతు, లైన్ పోయింది, బ్యాటరీ ముందు రోజు నిండలేదు, డేటా రాలేదు. వందలో నలభై ‘బ్యాటరీ నిండలేదు’ అయితే కావాల్సింది ఇంకో బ్యాటరీ కాదు, దాన్ని నింపే ప్లాంటు. నలభై ‘గాలి లేదు’ అయ్యి, అవన్నీ ఒకే నెలలో వస్తే ఇంకో గాలిమర కొన్నా అది కూడా ఆ నెలలో నిలబడే ఉంటుంది. ఆ నెలకు జల విద్యుత్ అమ్మేవాళ్ళను వెతకండి. పది ‘డేటా రాలేదు’ కనబడితే మళ్ళీ మొదటి మెట్టుకు, ప్యానెల్ గదికి, సీటీల దగ్గరికి.